కాలేయం పేరా

ఈ వారం ఉత్తరాలు కాస్త ఘాటుగానే వచ్చాయి. "కట్టుకున్నవాడు ఆస్పత్రి మంచం మీద ఉంటే ఆ టైపిస్టు కంట తడి పెట్టదేం? మనిషా, మొద్దా?" అని ఒకావిడ నన్ను కడిగిపారేసింది. నేనేం చెయ్యనమ్మా? ఏడుపు రాయడం నాకూ తేలికే. రెండు పేరాల్లో కుండపోతగా కురిపించగలను. కానీ ఆమెకు రావడం లేదు. సోమవారం నుంచి ఆమెకు ఆకలి లేదు, నిద్ర లేదు, కోపం లేదు, చివరికి భయం కూడా లేదు. పన్ను పీకే ముందు సూది వేసిన చిగురులా ఉంది ఆమె. తాకితే తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, తిట్టదలచినవాళ్ళు తిట్టుకోండి.

కొత్తగా చదివేవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్తాను. ఆమె ఒక స్కానింగ్ సెంటర్లో పందొమ్మిదేళ్ళుగా రిపోర్టులు టైపు చేస్తోంది. ఆమె భర్త దూరప్రయాణపు బస్సు డ్రైవరు. సోమవారం మధ్యాహ్నం బస్సు నడుపుతుండగా అతడి ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. బండిని రోడ్డు పక్కకు తీశాడు, హ్యాండ్‌బ్రేకు వేశాడు, నాలుగు లైట్లూ వెలిగించాడు, "అయిదు నిమిషాలు ఆగండి" అని ప్రయాణికులకు చెప్పి మెట్టు మీద కూలబడ్డాడు. ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరి ఒంటి మీద గీత పడలేదు. అతడి గుండె రక్తనాళాలు మాత్రం మూడు చోట్ల పూడుకుపోయాయని తేలింది.

గురువారం పొద్దున గుండె డాక్టరు పాత కాగితాలు తిరగేస్తూ, నాలుగేళ్ళ కిందటి స్కాన్ రిపోర్టు దగ్గర ఆగాడు. "ఈయన లివరు ఇప్పుడు ఇంత కొవ్వు పట్టి ఉంది. అప్పుడు అసలేమీ లేదని ఎలా రాశారు?" అన్నాడు. పక్కనే ఉన్న ఆడపడుచు ఆ మాట వింది. ఆవిడ డ్రైవరుకు అక్క, దర్జీ, నోరు తెరిస్తే వీధి చివరి దుకాణం దాకా వినబడుతుంది. ఫైలు చంకన పెట్టుకుని, మెడలో కొలత టేపు కూడా తియ్యకుండా, స్కానింగ్ సెంటరుకు బయల్దేరింది. వెనకే టైపిస్టు. ఆ రిపోర్టులోంచి రెండు వాక్యాలు ఎవరు తీసేశారో మీకు తెలుసు, నాకు తెలుసు, వెనకాల నడుస్తున్న ఆ మనిషికి తెలుసు. ముందు నడుస్తున్న ఆవిడకు తెలియదు. పోయిన వారం మనం ఆగింది అక్కడే.

సెంటర్లో బెంచీల నిండా జనం. సీసాలకు సీసాలు నీళ్ళు తాగి, కడుపు ఉబ్బి, ఉగ్గబట్టుకుని తమ వంతు కోసం చూస్తున్నారు.

"నా తర్వాత వెళ్ళండమ్మా, ఇక ఆపుకోలేను" అన్నాడు ఒక పెద్దాయన దీనంగా.

"కాసేపు ఓర్చుకోండి బాబాయ్. అక్కడ మావాడు ప్రాణమే ఉగ్గబట్టుకుని ఉన్నాడు" అని ఆడపడుచు స్కాన్ గది నల్ల తెర తోసేసింది.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. మిషను వేడెక్కకూడదని ఆ గదిని ఎప్పుడూ అలా చల్లగా ఉంచుతారు. అందుకే స్కాన్ డాక్టరు ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లరు చుట్టుకునే ఉంటాడు. జనం ఆయన అసలు పేరు మర్చిపోయి మఫ్లర్ డాక్టరు అనే పిలుస్తారు. డెబ్బై దగ్గర పడ్డాయి. ఎవరినీ ఒక్క మాట అని ఎరగడు.

"ఇది చదవండి" అని ఆడపడుచు కాగితం ఆయన ముందు పెట్టింది.

ఆయన ఒక కళ్ళజోడు తీసి ఇంకో కళ్ళజోడు పెట్టుకున్నాడు. "నాలుగేళ్ళ కిందటిది."

"సంతకం మీదేనా?"

"నాదే."

"మా తమ్ముడి లివర్లో కొవ్వు లేదని, మెడ నాళాలు బ్రహ్మాండంగా ఉన్నాయని రాశారు. ఇప్పుడేమో గుండెకెళ్ళే నాళాలు మూడు పూడుకుపోయాయి. రేపు పొద్దున వాడి ఛాతీ కోస్తారట. కళ్ళు కనిపించకపోతే ఇంట్లో కూర్చోవచ్చు కదండీ! ఇంతమంది పొట్టల మీద ఆ డబ్బా రుద్దడం దేనికి?"

మఫ్లర్ డాక్టరుకు కోపం రాలేదు. కాగితం పైన పేరు చూశాడు. తర్వాత తల తిప్పి, తెర దగ్గర నిలబడ్డ తన టైపిస్టు వైపు చూశాడు. ఆమె గోడకున్న కాగితపు తువ్వాళ్ళ చుట్టను చూస్తోంది. అది అయిపోవచ్చింది, కొత్తది పెట్టాలి అనుకుంది. ఆ నిమిషంలో ఆమె బుర్రలో ఉన్నది అంతే, ఒట్టు.

"బొమ్మలు దాచి ఉంటాయి. తీసి చూద్దాం" అని ఆయన మిషన్లో నంబరు కొట్టాడు.

బొమ్మలు పైకి రావడానికి కాస్త సమయం పడుతుంది. ఈలోగా ఆ సెంటర్లో పని ఎలా జరుగుతుందో చెప్పాలి, లేకపోతే ఆమె చేసింది మీకు అర్థం కాదు.

డాక్టరు స్కాన్ చేస్తూ చూసింది చూసినట్టు చిన్న రికార్డర్లోకి చెప్తాడు. పక్క చెక్క గదిలో ఆమె చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, కాలి కింది పెడల్ నొక్కుతూ, వదులుతూ, ఆ మాటలు టైపు చేస్తుంది. అన్నీ కొత్తగా కొట్టక్కర్లేదు. ఒక్కో అవయవానికి బాగుంటే ఒక పేరా, బాగాలేకపోతే ఒక పేరా ముందే తయారుగా ఉంటాయి. ఒక మీట నొక్కితే "కాలేయం పరిమాణం, తీరు సాధారణం, కొవ్వు ఆనవాళ్ళు లేవు" అన్న పేరా దానంతటదే పడిపోతుంది. పక్క మీట నొక్కితే కొవ్వు పట్టిన పేరా పడుతుంది. ఈ మధ్య ఆ రెండో మీట మీద అక్షరం అరిగిపోయింది. పది మంది వస్తే నలుగురికి లివర్లో కొవ్వే. రిపోర్టు అందుకున్నవాళ్ళు "ఏమైనా ఉందామ్మా?" అని అడిగితే, "లివర్లో కాస్త కొవ్వు, అందరికీ ఉండేదే" అని ఆమే చెప్పి పంపేది. వాళ్ళు సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు. సాయంత్రం కట్టలు కట్టలుగా కాగితాలు డాక్టరు ముందు పెడితే ఆయన చదవకుండా సంతకాలు చేసేవాడు. పందొమ్మిదేళ్ళలో ఆమె ఒక్క తప్పు చెయ్యలేదు, అందుకని.

నాలుగేళ్ళ కిందట బస్సు కంపెనీ తన డ్రైవర్లందరికీ ఆరోగ్య పరీక్షలు పెట్టించింది. తేడా ఉన్నవాళ్ళను స్టీరింగ్ మీంచి దింపి ఆరు నెలలు షెడ్డులో కూర్చోబెడతామన్నారు. ఆ రోజు ఆమె హెడ్‌ఫోనులో భర్త పేరు వినబడింది. తర్వాత డాక్టరు గొంతు నింపాదిగా చెప్పింది: కాలేయంలో కొవ్వు, రెండో స్థాయి. మెడ రక్తనాళం గోడ మందమెక్కింది, గుండె వైద్యుడికి చూపించాలి. ఆమె పెడల్ వదిలేసింది. షెడ్డులో కూర్చుంటే ఆ మనిషి ఏమైపోతాడో ఆమెకు తెలుసు. సెలవు రోజు కూడా బండి శబ్దం వినబడితే కిటికీలోంచి తొంగిచూసి గేరు ఎప్పుడు మార్చాలో గొణుక్కునే మనిషి అతడు. ఆమె మంచి పేరా మీట నొక్కింది. మెడ నాళం దగ్గర కూడా అదే పని చేసింది. ఇంటి దగ్గర తనే జాగ్రత్తగా చూసుకుందాం అనుకుంది.

చూసుకుంది కూడా. పద్దెనిమిది రోజులు. వేపుళ్ళు మానేసింది, టీలో చక్కెర తగ్గించింది, సాయంత్రాలు నడుద్దామని బయటికి లాక్కెళ్ళింది. "పదకొండు గంటలు బండి నడిపి వచ్చినవాణ్ణి మళ్ళీ నడవమంటావేంటే?" అని అతడు నవ్వేవాడు. పందొమ్మిదో రోజు వాన పడింది. ఇరవయ్యో రోజు అతడికి డ్యూటీ. తర్వాత ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. సెంటర్లో ఆమె రోజూ అదే కొవ్వు పేరా, అదే కొవ్వు పేరా కొట్టుకుంటూ పోయింది. ఇంతమందికి ఉన్నదే ఆయనకూ ఉంది అనుకుంది, అంతే.

తెర మీద బొమ్మ వచ్చింది.

"ఇది మూత్రపిండం" అన్నాడు మఫ్లర్ డాక్టరు, వేలు పెట్టి. "ఇది లివరు. రెండూ ఇంచుమించు ఒకే రంగులో ఉండాలి. ఇదెంత తెల్లగా ఉందో చూడండమ్మా. అదంతా కొవ్వే. లోపలి నాళాల అంచులు కూడా మసకబారిపోయాయి. ఇది మెడ నాళం. దీని లోపలి గోడ మందం ఆ వయసుకి ఇంత ఉండకూడదు."

ఆడపడుచు తెరను చూసింది, కాగితాన్ని చూసింది. "మరి లేదని రాశారే?"

ఆయన కాగితం మడిచి ఆవిడకు తిరిగి ఇచ్చాడు.

"అయినా లివరుకీ గుండెకీ సంబంధమేంటి? మావాడు చుక్క ముట్టడు. లివరు పాడయ్యేది తాగేవాళ్ళకి కదా?"

"తాగకపోయినా వస్తుందమ్మా. గంటల తరబడి కూర్చుని చేసే పని, వేళాపాళా లేని తిండి, గ్లాసు మీద గ్లాసు తీపి టీ, ముందుకొచ్చిన పొట్ట. ఇవి చాలు." ఆయన మఫ్లరు సర్దుకున్నాడు. "లివర్లో కొవ్వంటే అది లివరు ఒక్కదాని గొడవనుకుంటారు అందరూ. మనం తిన్నదంతా దాని చేతుల మీదుగా పోవాల్సిందే కదా. దాచుకోగలిగినంత అది దాచుకుంటుంది. దాని గది నిండిపోయాక కొవ్వునంతా రక్తంలోకి తోసేస్తుంది. ఆ రక్తమే ఒళ్ళంతా తిరుగుతుంది. నాళాల గోడల్లో కొవ్వు దిగుతుంది, లోపల వాపు మొదలవుతుంది, మెత్తగా సాగాల్సిన గొట్టం బిరుసెక్కుతుంది. మెడలో ఇలా ఉందంటే గుండె దగ్గరా ఇదే మొదలై ఉండొచ్చు. లివర్లో కొవ్వున్నవాళ్ళలో ఎక్కువమంది లివరు చెడి పోరమ్మా, గుండె జబ్బుతో పోతారు."

"అంటే ఆ రోజే తెలిసుంటే..."

"తెలిసుంటే అని నేనెలా చెప్పను? కొందరికి ఎంత చేసినా ఆగదు." ఆయన తెర వైపు చెయ్యి చూపించాడు. "కానీ బరువు తగ్గి, మందులు వాడితే, లివర్లో కొవ్వు చాలామందికి వెనక్కి పోతుంది. నాళాలు పూడుకుపోవడం కూడా నెమ్మదిస్తుంది. నాలుగేళ్ళంటే చాలా టైము."

చాలా టైము అన్న మాట టైపిస్టుకు వినబడింది. రికార్డర్లో వినబడ్డట్టే వినబడింది. ఆమె కుడి పాదం నేల మీద ఒకసారి నొక్కుకుంది, పెడల్ ఉన్నట్టు.

"అయితే నేను వదలను" అంది ఆడపడుచు. "పైవాళ్ళకి రాస్తాను. మీ పట్టా ఊడబీకిస్తాను. ఇంకో ఇంట్లో ఇలా జరక్కుండా చేస్తాను."

"రాయండమ్మా" అన్నాడు ఆయన. "సంతకం పెట్టింది నేను. చదవకుండా పెట్టాను. ఇందులో తప్పు నాదే."

అంత సులువుగా ఒప్పుకుంటాడని ఆడపడుచు అనుకోలేదు. తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఫైలు మూసి బయల్దేరబోయింది. ఇప్పుడు టైపిస్టు నోరు మెదపకుండా ఉంటే చాలు. ఆ ముసలాయన నెత్తిన పడుతుంది, ఇల్లు ఇల్లుగా ఉంటుంది. ఇలాంటి చోట మీరైతే ఏం చేస్తారో నాకు తెలియదు. నేనైతే నోరు మూసుకునేదాన్నే అని నా అనుమానం.

"సార్ చెప్పారు వదినా. నేను కొట్టలేదు" అంది టైపిస్టు.

"ఏం చెప్పారు? ఏం కొట్టలేదు?"

"ఆ రెండు వాక్యాలు. లివర్లో కొవ్వుందని, మెడ నాళం మందమెక్కిందని సార్ చెప్పారు. నేను తీసేసి, అంతా బాగుందని పెట్టాను. బస్సు దింపేస్తారని."

ఎవరి రిపోర్టో చదివి వినిపిస్తున్నట్టుంది ఆమె గొంతు. ఆడపడుచుకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక అరుస్తుందనుకున్నాను నేను. అరవలేదు. రోగులను పడుకోబెట్టే బల్ల అంచు మీద కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదే?" అంది నెమ్మదిగా. "నేను చచ్చానా? నా ఇంట్లో పెట్టుకుని, కట్టేసి, పథ్యం పెట్టేదాన్ని కదా. పోనీ వాడి చెవినైనా వెయ్యకపోయావా? ఏమీ తెలియకుండా, నా తమ్ముడు నాలుగేళ్ళు ఆ బండి..."

"ఆయనకి తెలుసమ్మా" అన్నాడు మఫ్లర్ డాక్టరు.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

"ఆ రోజు ఈ బల్ల మీద పడుకునే అడిగాడు, ఏం కనబడుతోంది డాక్టరుగారూ అని. నేను దాచలేదు. లివరు చూపించాను, మెడ చూపించాను. ఇది రాస్తాను, నువ్వు గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాలి అన్నాను. సరేనన్నాడు. పొట్ట తుడుచుకుని వెళ్ళిపోయాడు." ఆయన టైపిస్టును చూశాడు. "నిన్ను అడుగుదామని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చిందమ్మా. రిపోర్టు కొట్టింది నువ్వే, భార్యవి నువ్వే, నీకు నేను చెప్పేదేముంటుందని ఊరుకున్నాను."

ఆమెకు తెలిసే ఉంటుందిలే అని ఆయన ఊరుకున్నాడు, ఇంట్లో ఎవరికీ తెలియదులే అని ఆమె ఊరుకుంది. చదువుతుంటే మీకు ఒళ్ళు మండుతోంది కదూ? నాకూ మండింది. టైపిస్టుకు మాత్రం ఒకే ఒక్క ప్రశ్న పుట్టింది, అది కూడా నెమ్మదిగా, చాలా దూరం నుంచి నడిచి వస్తున్నట్టు. తెలిసి కూడా ఆయన నాలుగేళ్ళు ఒక్క మాట ఎందుకు అనలేదు?

ఆస్పత్రికి తిరిగి వెళ్ళేటప్పుడు దారి పొడవునా ఆడపడుచు ముందే నడిచింది. మూడో అంతస్తులో, గుండె వార్డు తలుపు దగ్గర, మరదలి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపలికి ఒక్కరినే పంపిస్తారు.

"విను. రేపు పొద్దున ఆ ఆపరేషను కావాలి. వాడు నిబ్బరంగా లోపలికి వెళ్ళాలి. నీ మనసు తేలిక చేసుకోవడానికి ఇవాళ వాడి ముందు ఏమీ వాగకు. ఆ తర్వాత నీ సంగతి, నా సంగతి చూసుకుందాం. సరేనా?"

"సరే వదినా."

నిజంగా సరేననే అనుకుంది. మీరు నమ్మినా నమ్మకపోయినా, చెప్పేయాలన్న తపనేమీ ఆమెకు లేదు. తపన పడడానికి లోపల ఏదో ఒకటి కదలాలి కదా.

డ్రైవరు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ఛాతీ మీద వైర్లు, మణికట్టుకు పట్టీ, ముక్కు కింద సన్నటి గొట్టం. అయినా మొహంలో నవ్వు అలాగే ఉంది.

"వచ్చావా టైపమ్మా. బస్సు డిపోకి చేరిందా? క్లచ్చి కాస్త గట్టిగా ఉంటుంది, తీసుకెళ్ళినవాడికి ఎవరైనా చెప్పారా?"

"చేరిందండి."

"రేపు మొదటి ఆపరేషను నాదేనట. కాల్లోంచి నాళం తీసి గుండెకి అతుకుతారట. కుట్టుపని మా అక్కకే వచ్చనుకున్నాను, వీళ్ళకీ వచ్చట." తనే నవ్వి, ఛాతీ పట్టుకుని ఆగాడు. మంచం మీదికి జరిపే బల్ల మీద ఒక కాగితం, దాని మీద పెన్ను ఉన్నాయి. "సంతకం పెట్టమన్నారు. నువ్వొచ్చాక పెడతానన్నాను. నర్సమ్మ రెండుసార్లు వచ్చి పోయింది. పెట్టకపోతే నా బదులు ఇంకొకర్ని రాసుకుంటారట."

"నేనెందుకండీ? పెద్ద డాక్టరు చెప్పారు కదా, ఆలస్యం చెయ్యకూడదని."

"పెద్ద డాక్టర్లు చెప్తూనే ఉంటారు. ఇవన్నీ నీకు తెలిసినట్టు నాకేం తెలుసు? పెట్టమంటే పెడతా."

పెట్టండి అంటే అయిపోయేది. ఒక్క మాట. తలుపు అద్దంలోంచి ఆడపడుచు చూస్తూనే ఉంది. కానీ దారంతా దూరం నుంచి నడిచి వచ్చిన ఆ ప్రశ్న అప్పటికి ఆమె నోటి దగ్గరికి చేరింది.

"ఆ రోజు స్కాన్ డాక్టరుగారు మీకు చెప్పారటగా, లివరు సంగతీ, మెడ నాళం సంగతీ."

అతడు సెలైన్ సీసా వైపు చూశాడు. "చెప్పాడు."

"మరి నాతో అనలేదేం?"

"నీతో అనడానికేముంది? కొట్టిందే నువ్వు." అతడు గొంతు తగ్గించాడు. "సాయంత్రం కవరు చింపి చూశా. అంతా బాగుందని ఉంది. ఇంకెవరిదో ఇచ్చారేమోనని పేరు కూడా చూశా. నా పేరే. అప్పుడర్థమైంది నువ్వే తీసేశావని."

"తెలిసి కూడా..."

"నేను చదువుకున్నది ఎంతే? రోజుకి యాభై చూస్తుంది, దేనికి భయపడాలో దేనికక్కర్లేదో దీనికి తెలియదా అనుకున్నా. నిజంగా ప్రమాదమైతే కట్టుకున్నవాణ్ణి బండి ఎక్కనిస్తుందా? అది తీసేసిందంటే అందులో ఏమీ లేదన్నమాటే. ఆ డాక్టరు భయపెట్టి పంపాడు. నీ కాగితం చూశాక ధైర్యమొచ్చింది. ఆ రోజు నాలుగు చపాతీలు ఎక్కువే తిన్నా."

నర్సు తలుపు తీసి, "అయ్యిందా?" అని అడిగి, సమాధానం వినకుండానే పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

టైపిస్టుకు మొదట చేతివేళ్ళ కొసల్లో వచ్చింది నొప్పి. తర్వాత మోచేతుల దాకా, తర్వాత ఛాతీలోకి. నాలుగు రోజులుగా ఎక్కడుందో తెలియని బాధంతా ఒక్కసారిగా వచ్చి మీద పడింది. ఆమె మంచం ఇనప కడ్డీ పట్టుకుంది.

"నాకేమీ తెలియదండి" అంది. "నేను డాక్టర్ని కాను. చెవిలో చెప్పింది కొడతాను, అంతే. అది ప్రమాదమో కాదో నాకు తెలియనే తెలియదు. మీరు షెడ్డులో కూర్చోవాల్సి వస్తుందని తీసేశాను. తెలిసి తీసెయ్యలేదు."

అతడు ఆమె మొహంలోకి చూశాడు. వెనకాల మిషన్లో అంకెలు మారుతున్నాయి.

"తెలియకుండానే తీసేశావా?"

"అవును."

"మరి నాలుగేళ్ళు పక్కన పడుకుని నిద్రెలా పోయావే?"

"అందరికీ ఉండేదే అనుకున్నాను."

అతడు తల ఊపాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని ఆమె అనుకుంది, గట్టిగా, నిజంగా అనుకుంది.

"ఇప్పుడు నన్ను సంతకం పెట్టమంటావా?"

"పెట్టండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, పెట్టండి."

"తెలిసి చెప్తున్నావా, తెలియకుండానా?"

ఆమె తలుపు వైపు చూసింది. తలుపు అవతల ఆడపడుచు అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది, మరదలి పెదాల మీది మాటలు పట్టుకోవాలన్నట్టు.

అతడు పెన్ను మూత పెట్టాడు. బల్లను పక్కకు తోశాడు. "నాకు బండి నడపడం ఒక్కటే తెలుసు" అన్నాడు ఎంతో మామూలుగా. "మిగతావన్నీ నీ మాట మీదే నడిపా. నీకే తెలియకపోతే ఇంక వీళ్ళను మాత్రం ఏం చూసి నమ్మను? వద్దులే. ఇంటికి పోదాం."

ఛాతీ మీది వైరు ఒకటి పట్టుకుని లాగాడు. మిషను కీచుమంది. పక్క మంచం దగ్గర్నుంచి నర్సు పరుగెత్తుకొస్తోంది, తలుపు తోసుకుని ఆడపడుచు లోపలికి వచ్చేస్తోంది. డ్రైవరు రెండు కాళ్ళూ మంచం దిగేసి, పాదంతో నేల తడుముతున్నాడు.

"నా చెప్పులెక్కడ పెట్టావు?" అన్నాడు భార్యతో.